ప్రాసెసర్ వేడెక్కితే: లోపం ఎక్కడుందో కనిపెట్టే క్రమం

డెస్క్‌టాప్ కంప్యూటర్ పని చేస్తూ ఉండగా ఒక్కసారిగా ఆరిపోతుంది. పది నిమిషాలు ఆగి మీట నొక్కితే ఏమీ జరగనట్టే మళ్లీ లేస్తుంది. కొంతసేపటికి మళ్లీ అదే వరుస. మరికొన్ని యంత్రాలు ఆరిపోవు గాని, ఉదయం చురుకుగా ఉన్నవి మధ్యాహ్నానికి మౌస్ కదిపినా కదలనంత మందగిస్తాయి. లోపలి ఫ్యాను మాత్రం హోరుమంటూ తిరుగుతూనే ఉంటుంది. ఎండలు ముదిరే నెలలలో మరమ్మతు దుకాణాలకు వచ్చే ఫిర్యాదులలో ఇవి చాలా సాధారణమైనవి.

ఈ ఫిర్యాదుకు దుకాణంలో వినవచ్చే జవాబు కూడా అంతే సాధారణం: “ప్రాసెసర్ పోయింది, బోర్డు కూడా పాతది, కొత్త సిస్టం తీసుకోండి.” నాలుగైదు వందల రూపాయలలో, చాలాసార్లు ఖర్చే లేకుండా తీరవలసిన లోపానికి ఇరవై ముప్పై వేలు పెట్టించే జవాబు ఇది. బళ్లారి, రాయచూరు, కృష్ణగిరి, రాయగడ, యానాం వంటి చోట్ల ఇళ్లలో, పాఠశాలల్లో, జిరాక్సు దుకాణాల్లో నడుస్తున్న డెస్క్‌టాప్‌లలో చాలావరకు ఎనిమిది పదేళ్ల నాటివే. దరఖాస్తుకు ఆఖరి తేదీ నాటి మధ్యాహ్నం అది ఆరిపోతే నష్టపోయేది పరీక్ష రాయవలసిన పిల్లవాడు. అందువల్ల వేడికి కారణం వెదికే పద్ధతి తెలిసి ఉండడం యజమానికీ అవసరమే, మెకానిక్కు చెప్పేది నిజమో కాదో తేల్చుకోవడానికైనా.

ముందుగా ఒక మాట. వాడుకలో పెట్టె మొత్తాన్నీ ‘సీపీయూ’ అంటారు. ఈ వ్యాసంలో ప్రాసెసర్ అంటే పెట్టె కాదు. మదర్‌బోర్డు మీద హీట్‌సింక్ కింద దాగి ఉండే చదరపు చిప్పు. పెట్టెను క్యాబినెట్ అని పేర్కొనడం జరిగింది.

వేడి నడిచే దారి

ప్రాసెసర్ తీసుకునే విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. సాధారణ గృహ వినియోగపు ప్రాసెసర్‌కు తయారీదారు చెప్పే లెక్క 65 వాట్లు. పూర్వపు 60 వాట్ల బల్బు వెలుగుతుండగా ముట్టుకోగలిగినవారు లేరు. అంతటి శక్తి ఇక్కడ బొటనవేలి గోరంత సిలికాన్ ముక్కలో విడుదలవుతుంది. 1978 నాటి 8086 చిప్పుకు హీట్‌సింక్ అవసరమే లేకపోయింది. 1993లో పెంటియం వచ్చేనాటికి హీట్‌సింక్, ఫ్యాను తప్పనిసరి అయ్యాయి. 2004లో ‘ప్రెస్కాట్’ పేరుతో వచ్చిన పెంటియం 4లు 84 నుండి 115 వాట్ల దాకా వెలువరించి, వేడికి మారుపేరయ్యాయి. 2006లో వచ్చిన కోర్ 2 డుయోలలో ఎక్కువభాగం 65 వాట్లకు దిగివచ్చాయి.

ఈ వేడి ఎక్కడికి పోవాలి? సిలికాన్ ముక్క నుండి దాని పైనున్న లోహపు మూతకు, మూత నుండి థర్మల్ పేస్ట్ ద్వారా హీట్‌సింక్ అడుగుకు, అక్కడి నుండి పలుచని రేకులకు, రేకుల నుండి ఫ్యాను తోసే గాలికి, ఆ గాలి నుండి క్యాబినెట్ వెలుపలికి, చివరకు గదిలోకి. ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా వేడి వెనక్కి పేరుకుని చిప్పు దగ్గర నిలుస్తుంది. ప్రాసెసర్ వేడెక్కడమన్నది నూటికి తొంభై వంతులు ప్రాసెసర్ లోపం కాదు, దారి లోపం. ఏ మజిలీలో అడ్డు పడిందో తెలుసుకోవడమే మరమ్మతులో అసలు పని, మిగిలింది చేతిపని.

మామూలు చిన్న హీట్‌సింక్‌తో, పూర్తి భారంలో ఉన్న ప్రాసెసర్ తన చుట్టూ ఉన్న గాలి కన్నా సుమారు 40 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుందని అనుకుందాం. క్యాబినెట్ లోపలి గాలి గది కన్నా 5 డిగ్రీలు ఎక్కువ. గది 25 డిగ్రీలుంటే చిప్పు 70 వద్ద ఉంటుంది. గది 42 డిగ్రీలైతే 87. రెండూ భరించదగినవే. ఇప్పుడు రేకులలో దుమ్ము నిండి ఆ 40 కాస్తా 55 అయిందనుకుందాం. జనవరిలో 25, 5, 55 కలిపి 85. ఎవరికీ ఏమీ తెలియదు. మే నెలలో 42, 5, 55 కలిపి 102, యంత్రం మొరాయిస్తుంది. వేసవి లోపాన్ని పుట్టించదు, ఏడాదిగా పెరుగుతున్న లోపాన్ని బయటపెడుతుంది. బళ్లారి, రాయచూరు వంటి చోట్ల ఎండాకాలపు పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే గనుక అక్కడి యంత్రాలకు ఈ మిగులు చాలా తక్కువ. ఊటీలో ఏళ్ల తరబడి బయటపడని దుమ్ము ఇక్కడ ఒక్క ఏప్రిల్‌తో బయటపడుతుంది.

యానాం, బరంపురం వంటి తీర ప్రాంతాల ఉక్కపోత గురించి ఒక అపోహ ఉంది. ఉక్కపోత మనిషికి బాధ గాని హీట్‌సింక్‌కు కాదు. దానికి చెమట పట్టదు, అది ఆరవలసిన అవసరమూ లేదు. దానికి లెక్క గాలి వేడిమితోనే. అయితే తేమ, ఉప్పుగాలి ఫ్యాను ఇరుసును, స్క్రూలను తుప్పు పట్టించడం మాత్రం నిజం.

ఎంత వేడి ఎక్కువ వేడి

ఇంటెల్ కోర్ వర్గపు డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి గరిష్ఠ పరిమితి 100 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటూగా ఉంటుంది. ఏఎండీ రైజెన్‌లలో చాలావాటికి 90 లేదా 95. ఆ గీత చేరగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మధ్యాహ్నపు మందకొడితనానికి అసలు కారణం తరచుగా ఇదే. వైరస్ అనుకుని విండోస్ తిరిగి ఎక్కించినవారు ఎందరో. వేగం తగ్గించినా వేడి ఆగక ఇంకా పైకి పోతే చిప్పు తన విద్యుత్తును తానే తెంచివేసుకుంటుంది. అంటే ఆరిపోవడం చావు కాదు, ఆత్మరక్షణ.

ఈ రక్షణ మొదటినుండీ అన్నిటికీ లేదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్‌సైటు నడుస్తున్న యంత్రాలపై నుండి హీట్‌సింక్ లాగివేసి చిత్రీకరించింది. పెంటియం 4 వేగం తగ్గించుకుని బతికిపోయింది. ఆనాటి ఏఎండీ అథ్లాన్ క్షణాల్లో పొగలు కక్కి కాలిపోయింది. వేడికి ప్రాసెసర్ చచ్చిపోతుందన్న నమ్మకం చాలావరకు ఆ కాలపుది. గత పదిహేనేళ్లలో వచ్చిన చిప్పులు వేడి వల్ల ఉన్నఫళాన చనిపోవడం అరుదు. పది నిమిషాల తర్వాత మళ్లీ లేచే యంత్రం గురించి ‘ప్రాసెసర్ పోయింది’ అని ఎవరైనా అంటే ఆ మాటను శంకించవలసిందే. పోయిన ప్రాసెసర్ పది నిమిషాలకు తిరిగి రాదు.

కొలిచి చూడకుండా వేడి గురించి మాట్లాడడం వృథా. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో, కోర్ టెంప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు, లైనక్స్‌లో సెన్సార్స్ అనే ఆదేశం ఈ అంకెలను చూపిస్తాయి. ఏ పనీ లేకుండా ఉన్నప్పుడు 35 నుండి 50, భారీ పనిలో 60 నుండి 80 ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. 85 దాటితే కారణం వెదకాలి. ఈ లెక్కకు ఒక మినహాయింపు ఉంది: 2022లో వచ్చిన రైజెన్ 7000 వరుసలోని పెద్ద చిప్పులు భారీ పనిలో 95 డిగ్రీల వరకు వెళ్లేలాగే రూపొందాయి. వాటిలో ఆ అంకె లోపసూచన కాదు. బయోస్ తెరలో కనిపించే ఉష్ణోగ్రతను చూసి భయపడడం కూడా తగదు. అక్కడ చిప్పు విశ్రాంతి స్థితిలోకి వెళ్లదు గనుక, విండోస్‌లో ఖాళీగా ఉన్నప్పటి కన్నా ఎక్కువే చూపిస్తుంది.

స్క్రూడ్రైవర్ పట్టకముందే తేలే విషయాలు

మొదటి ప్రశ్న: ఇది నిజంగా వేడేనా? ఆరిపోయే ముందు ఉష్ణోగ్రత 60 డిగ్రీలే ఉంటే దోషం ప్రాసెసర్ దారిది కాదు. ఎస్ఎంపీఎస్ అలసిపోయి ఉండవచ్చు, ర్యామ్ కదిలి ఉండవచ్చు. ఆ సంగతి తేలాలంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో లోని లాగ్ సదుపాయంతో అంకెలను ఫైలులో భద్రపరచి, యంత్రం మళ్లీ లేచాక చివరి వరుసను చూడాలి. స్టెబిలైజర్ మార్చడం వల్ల ఈ వేడి తగ్గదు. గోడ నుండి వచ్చే వోల్టేజీకీ చిప్పుకు చేరే ఒక వోల్టు చిల్లరకూ మధ్య ఎస్ఎంపీఎస్, మదర్‌బోర్డు రెండూ ఉన్నాయి.

రెండవ ప్రశ్న: ప్రాసెసర్‌కు అంత పని ఎవరు చెప్పారు? అన్ని కిటికీలూ మూసి, టాస్క్ మేనేజర్ తెరచి ఐదు నిమిషాలు చూడాలి. ఏ పనీ లేకుండా వినియోగం 60, 80 శాతం చూపిస్తూ ఉంటే దాన్ని తింటున్న ప్రోగ్రాం పేరు అక్కడే కనబడుతుంది. అప్‌డేట్లు ఎక్కుతున్నప్పుడు, యాంటీవైరస్ గాలిస్తున్నప్పుడు కొంతసేపు అలా ఉండడం సహజం. రోజంతా ఉంటే సహజం కాదు. ‘క్రాక్’ చేసిన సాఫ్ట్‌వేర్లతో పాటు దొంగతనంగా చొరబడి, యజమాని కరెంటు బిల్లుతో క్రిప్టో నాణేలు తవ్వుకునే ప్రోగ్రాములు ఉన్నాయి. టాస్క్ మేనేజర్ తెరవగానే తాత్కాలికంగా నక్కే రకాలూ వాటిలో ఉన్నాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది గనుక, దానినే వాడుతున్న పాత యంత్రాలలో ఈ అనుమానం కొంచెం ఎక్కువే ఉండాలి.

మూడవది అన్నిటికన్నా విలువైన పరీక్ష, పైసా ఖర్చులేనిది. ప్రైమ్ 95 వంటి భారం మోపే ప్రోగ్రాం నడిపి, ఉష్ణోగ్రత ఎంత పెరిగిందని కాక, ఎలా పెరిగిందని చూడాలి. భారం మొదలైన రెండు మూడు సెకన్లలోనే 45 నుండి 95కు దూకితే, వేడి చిప్పు నుండి హీట్‌సింక్‌లోకి వెళ్లడం లేదని అర్థం. పేస్ట్ ఎండిపోయి ఉండాలి, లేదా హీట్‌సింక్ ఒక మూల లేచి ఉండాలి. అలా కాక మొదట 65కు వెళ్లి, పది పదిహేను నిమిషాలలో మెల్లగా 75, 85, 92 అంటూ ఎక్కితే చిప్పుకూ హీట్‌సింక్‌కూ సంబంధం బాగానే ఉంది. రేకుల నుండి వేడిని గాలి మోసుకుపోవడం లేదు. పొయ్యి మీద ఖాళీ మూకుడు క్షణంలో కాలుతుంది, నీళ్లు నిండిన బిందె కాగడానికి చాలాసేపు పడుతుంది. హీట్‌సింక్ ఆ బిందె వంటిది. సంబంధం తెగిన చిప్పు ఖాళీ మూకుడు.

మెల్లగా ఎక్కే రకమని తేలితే నాలుగవ పరీక్ష. క్యాబినెట్ పక్క పలకను తీసి, అదే భారంతో మళ్లీ చూడాలి. అంకె ఏడెనిమిది డిగ్రీలకు పైగా పడిపోతే లోపం క్యాబినెట్ గాలిలో ఉంది. పెద్దగా మార్పు లేకపోతే రేకుల దుమ్ములోనో ఫ్యానులోనో ఉంది. పలక తీసినప్పుడే మరొకటి గమనించవచ్చు. తెర మీద 95 చూపిస్తుండగా, ఫ్యానుకు దూరంగా హీట్‌సింక్ అంచును వేలితో జాగ్రత్తగా తాకితే అది గోరువెచ్చగానే ఉందా? అయితే వేడి అక్కడికి చేరనే లేదు. చురుక్కుమందా? అయితే చేరింది, పోవడం లేదు. తాకేటప్పుడు తిరిగే ఫ్యాను రెక్కలకు వేలు, గాజులు, చున్నీ అంచు తగలకుండా చూసుకోవాలి.

ఈ నాలుగింటితో లోపం ఏ మజిలీలో ఉందో దాదాపు తేలిపోతుంది. తేలిన తర్వాతే విప్పాలి.

దుమ్ము

గాలి దారి లోపాలలో మొదటిది, అతి సాధారణమైనది ఇదే. హీట్‌సింక్‌లోని దుమ్ము పైకి కనిపించదు. ఫ్యాను కింద, రేకుల తలల మీద, దూదిపరుపులా పరుచుకుంటుంది. పైనుండి చూసినవారికి ఫ్యాను తిరుగుతున్నట్టే ఉంటుంది, గాలి మాత్రం రేకులలోకి దిగదు. దుమ్ము స్వభావం ఊరిని బట్టి మారుతుంది. బళ్లారి, సండూరు, హొసపేట మార్గాలలో ఇనుప ఖనిజపు ఎర్ర ధూళి. పాఠశాల కంప్యూటర్ గదులలో సుద్దపొడి. ఇళ్లలో పత్తి నూగు. దేవుడి గూటి పక్కన పెట్టిన కంప్యూటర్‌లో అగరుబత్తి మసి, వంటింటి గోడకు ఆనించిన దానిలో నూనె జిడ్డు. ఈ చివరి రెండూ కలిస్తే దుమ్ము పొడిగా ఉండక రేకులకు అంటుకుపోతుంది, ఊదితే కదలదు.

శుభ్రం చేసే ముందు ప్లగ్గు పీకి, పవర్ మీటను ఒకసారి నొక్కి వదలాలి. లోపల మిగిలిన విద్యుత్తు పోతుంది. క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకితే చేతిలోని స్థిర విద్యుత్తు పోతుంది. తర్వాత యంత్రాన్ని వరండాలోకి తీసుకెళ్లి, మెత్తని పెయింట్ బ్రష్‌తో రేకుల సందులు కదిలించి, బ్లోయర్‌తో ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని ఉండడం మరువరాదు. బ్లోయర్ గాలికి అది పరిమితికి మించిన వేగంతో తిరిగి ఇరుసు పాడవుతుంది. బ్లోయర్ లేనివారు నోటితో ఊదడం మానుకోవాలి, ఉమ్మి తుంపర పడుతుంది. మామూలు వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని బోర్డుకు ఆనించడం కూడా మంచిది కాదు, అది స్థిర విద్యుత్తును పుట్టిస్తుంది. ఎస్ఎంపీఎస్‌ను మాత్రం విప్పరాదు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా అందులోని పెద్ద కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. బయటి జాలీ నుండి ఊది వదిలివేయడమే క్షేమం.

నాలుగు మేకులు

చిప్పుకూ హీట్‌సింక్‌కూ మధ్య సంబంధం తెగిన యంత్రాలలో ఎక్కువగా కనిపించే దోషం ఇంటెల్ హీట్‌సింక్ బిగింపుది. 2004లో ఎల్‌జీఏ 775 సాకెట్‌తో పాటు ఇంటెల్ నాలుగు ప్లాస్టిక్ మేకుల పద్ధతిని తెచ్చింది. ఆ తర్వాతి తరాలలోనూ ఉచితంగా వచ్చే హీట్‌సింక్‌లకు అదే కొనసాగింది. చౌక, స్క్రూడ్రైవర్ అవసరం లేదు. అయితే సరిగా బిగిసిందో లేదో పైనుండి చూస్తే తెలియదు. నాలుగింటిలో ఒక్క మేకు ఊడినా హీట్‌సింక్ ఆ మూల వెంట్రుకవాసి లేస్తుంది. రాగి వేడిని ఎంత బాగా నడుపుతుందో కొలిచే అంకె సుమారు 400, అల్యూమినియందీ 200కు పైనే. అదే కొలతలో నిశ్చలమైన గాలి అంకె 0.03 కూడా లేదు. కాగితమంత గాలి పొర చాలు, ఆ మూలలో వేడి నిలిచిపోవడానికి. పాఠశాలల్లో బల్లల మీద నుండి బల్లల మీదకు, అద్దె ఇళ్లు మారేటప్పుడు ఆటోలలో ఊగిసలాడిన యంత్రాలలో ఈ మేకు ఊడడం తరచు జరిగేదే.

ప్రతి మేకు తలపై ఒక బాణం గుర్తు ఉంటుంది. అది విప్పే దిశను చూపుతుంది, బిగించే దిశను కాదు. ఇక్కడే చాలామంది తికమక పడతారు. విప్పాలంటే బాణం వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగాలి. తిరిగి బిగించే ముందు నాలుగు తలలనూ బాణానికి ఎదురు దిశలో తిప్పి ఉంచాలి. ఆ తర్వాత హీట్‌సింక్‌ను సమంగా కూర్చోబెట్టి, ఒక మేకును, దానికి ఎదురుమూల మేకును కలిపి ‘టక్’ మనేదాకా నొక్కాలి. ఆపై మిగిలిన జత. పక్కపక్క మేకులను వరుసగా నొక్కితే ఒకవైపు లేస్తుంది. నొక్కిన తర్వాత వీలైతే మదర్‌బోర్డు వెనుకవైపు చూడాలి. నాలుగు రంధ్రాలలోనూ తెల్లని ప్లాస్టిక్ కొసలు విచ్చుకుని, వాటి మధ్య నల్లని ముల్లు పూర్తిగా దిగి కనబడాలి. పాత మేకుల కొసలు పెళుసెక్కి విరిగిపోతే మేకులు మాత్రమే విడిగా దొరుకుతాయి. హీట్‌సింక్ మొత్తం కొననక్కరలేదు.

ఏఎండీ యంత్రాలలో ప్రమాదం వేరు. ఏఎం 4, అంతకు ముందరి సాకెట్లలో చిప్పు అడుగున సూదుల్లాంటి కాళ్లు ఉంటాయి. ఎండిన పేస్ట్ జిగురులా పట్టి ఉండగా హీట్‌సింక్‌ను నిటారుగా లాగితే, లివర్ మూసి ఉన్నా చిప్పు దానితో పాటే ఊడి వస్తుంది, కాళ్లు వంగిపోతాయి. ముందుగా యంత్రాన్ని పది నిమిషాలు నడిపి, ఆర్పి, ప్లగ్గు పీకి, పేస్ట్ వెచ్చగా ఉండగానే హీట్‌సింక్‌ను కుడిఎడమలకు మెల్లగా మెలితిప్పి తీయాలి.

పేస్ట్

హీట్‌సింక్‌ను ఒకసారి పైకెత్తితే పేస్ట్ కొత్తగా వేయవలసిందే. పాతదాని మీదే తిరిగి పెడితే నడుమ గాలి చిక్కుకుంటుంది. పేస్ట్ స్వయంగా గొప్ప వాహకమేమీ కాదు, లోహంతో పోలిస్తే చాలా వెనుకబడినది. దాని పని రెండు లోహపు ముఖాల మధ్య కంటికి కనబడని గుంటలలోని గాలిని తొలగించి తాను నిండడం మాత్రమే. ఈ సంగతి తెలిస్తే ఎంత వేయాలన్న ప్రశ్నే ఉండదు. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూగు రాలని గుడ్డతో రెండు ముఖాల మీదా తుడిచి, నడుమ బఠాణీ గింజ కన్నా చిన్నదిగా ఒక చుక్క పెట్టి, హీట్‌సింక్‌ను నిటారుగా దించితే చాలు. ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. రొట్టె మీద వెన్నలా దట్టంగా పూస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

టూత్‌పేస్ట్, ఫెవికాల్, గ్రీజు వంటి ప్రయోగాలు ఇప్పటికీ వినబడుతుంటాయి. టూత్‌పేస్ట్ తొలి గంటలలో పనిచేసినట్టే ఉంటుంది. అందులోని నీరు ఆవిరి కాగానే పొడిసుద్దగా మారుతుంది. కొత్త హీట్‌సింక్ కొన్నవారు దాని అడుగున అంటించిన పారదర్శకమైన ప్లాస్టిక్ పొరను ఒలిచారో లేదో చూసుకోవాలి. నవ్వు వచ్చే విషయమే గాని, కొత్త యంత్రం మొదటి రోజునే వేడెక్కడానికి కారణాలలో ఇదొకటి.

ఫ్యాను, గాలి, చోటు

ప్రాసెసర్ ఫ్యాను తీగ మదర్‌బోర్డుపై ‘సీపీయూ ఫ్యాన్’ అని రాసి ఉన్న చోటనే ఉండాలి. వేరే చోట తగిలిస్తే ఫ్యాను తిరుగుతుంది గాని, చిప్పు వేడిని బట్టి వేగం పెరగకపోవచ్చు; ఫ్యాను ఆగినా బోర్డుకు తెలియదు. బయోస్‌లో ‘సైలెంట్’ వంటి ఎంపిక ఉంటే ఎండాకాలానికి ‘స్టాండర్డ్’కు మార్చాలి. మదర్‌బోర్డుపై నాణెం బ్యాటరీ అయిపోయిన యంత్రాలలో ఈ మార్పు నిలవకపోవచ్చు. ముందు ఇరవై ముప్పై రూపాయల బ్యాటరీ మార్చాలి.

క్యాబినెట్ ఫ్యాన్లలో ముందువి గాలిని లోపలికి లాగాలి, వెనుకవి బయటికి తోయాలి. ఫ్యానులో అడ్డు పుల్లలు, లేబులు ఉన్న వైపుకు గాలి పోతుంది. వెనుక ఫ్యానును తలకిందుగా బిగించి వేడిగాలిని లోపలే తిప్పుతున్న యంత్రాలు లేకపోలేదు.

ఇంతకన్నా తరచుగా కనబడే దోషం కంప్యూటర్ టేబుల్‌ది. క్యాబినెట్‌కు సరిగ్గా సరిపోయే అర, దానికి వెనుక చెక్క, ముందు తలుపు. ఆ అరలో యంత్రం తాను వదిలిన వేడిగాలినే తిరిగి పీలుస్తుంది. వెనుక చెక్కను తీసివేయడమో, క్యాబినెట్‌ను బయట పెట్టడమో చేస్తే, పేస్ట్ మార్చినా తగ్గని డిగ్రీలు తగ్గుతాయి. దుమ్ము పడకూడదని కప్పే గుడ్డ తొడుగు యంత్రం ఆరాకే కప్పాలి. గోడకు కనీసం జానెడు దూరం, నేలకు నాలుగు వేళ్ల ఎత్తు ఉండాలి. నేలమీద పెడితే ఊడ్చిన దుమ్మంతా అదే పీలుస్తుంది. నీళ్ల కూలర్‌ను ఎదురుగా పెట్టి చల్లబరచాలనుకోవడం వద్దు. గాలి చల్లబడే మాట నిజమే, ఆ తుంపర బోర్డును తుప్పు పట్టిస్తుంది.

అన్నీ సరిచేసినా గది 43 డిగ్రీలుంటే చేయగలిగింది ఇంకొకటి ఉంది. విండోస్ కంట్రోల్ ప్యానెల్ లోని పవర్ ఆప్షన్స్‌లో, అడ్వాన్స్‌డ్ సెట్టింగుల కింద, ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 శాతం నుండి 99కి దించాలి. చాలా ప్రాసెసర్లలో దీనితో టర్బో వేగం ఆగిపోతుంది, వేడి స్పష్టంగా తగ్గుతుంది. తెలుగు టైపింగు, దరఖాస్తులు, లెక్కల పనికి ఆ తేడా తెలియదు. జూన్ వానలు పడ్డాక మళ్లీ 100కు మార్చుకోవచ్చు.

నీటితో చల్లబరిచే ఖరీదైన అమరికలు ఉన్నవారు పంపు తిరుగుతోందో లేదో చూడాలి. అది ఆగితే ఫ్యాన్లు ఎంత తిరిగినా ప్రయోజనం ఉండదు. ఇక ప్రాసెసర్‌దే నిజమైన లోపమైన సందర్భం ఒకటి ఈమధ్య కాలంలో జరిగింది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ తీసుకుని క్రమేణా దెబ్బతింటున్నాయని 2024లో ఆ సంస్థ ఒప్పుకున్నది. ఆ ఏడాది ఆగస్టు నుండి బయోస్ ద్వారా సవరణలు వచ్చాయి, ఆ చిప్పులకు వారంటీని రెండేళ్లు పొడిగించారు. అవి ఉన్నవారు బయోస్‌ను తప్పక నవీకరించుకోవాలి. అంతకు ముందరి తరాలకు ఈ సమస్య వర్తించదు.

మరమ్మతు పూర్తయ్యాక అరగంట భారం మోపి, చివరి ఉష్ణోగ్రతను, ఆనాటి గది ఉష్ణోగ్రతను, తేదీని ఒక కాగితం ముక్కపై రాసి క్యాబినెట్ పక్క పలకకు లోపలివైపున అంటించడం మంచి అలవాటు. రెండు ఉష్ణోగ్రతల తేడా ముఖ్యం. వచ్చే మార్చిలో అదే పరీక్ష చేస్తే ఆ తేడా 45 నుండి 55కు చేరిందా లేదా అన్నది తెలుస్తుంది. చేరితే, ఎండలు ముదరకముందే బ్రష్ తీయవచ్చు.